సగం కూలీ, నిండు కాపురం

కడలి దాటిన తెలుగు – 7

గత భాగంలో మన కథ మద్రాసు కూలీ డిపో దగ్గర ఆగింది. మేస్త్రీలు పల్లెల నుంచి తోలుకొచ్చిన జనం అక్కడ ఒప్పందానికి తలూపి, ఓడ కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. ఈసారి ఆ ఓడలోంచి దక్షిణాఫ్రికాలోని నాటల్ గడ్డ మీద దిగుదాం. దిగినవాళ్ళలో ఆడవాళ్ళ వెంటే నడుద్దాం. దక్షిణాఫ్రికా భారతీయుల చరిత్ర రాసినవాళ్ళు చాలాకాలం చెరకునూ, చెరకు నరికిన మగవాణ్ణీ మాత్రమే చూశారు. ఐదేళ్ళ కోసం వెళ్ళిన ఆ మగవాడు అక్కడే ఎందుకు వేళ్ళూనుకున్నాడో తెలియాలంటే అతని పక్కన కలుపు తీసిన ఆడమనిషి కథ తెలియాలి.

నూటికి నలభై మంది

1860 అక్టోబరులో మద్రాసు రేవు విడిచిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. పది రోజుల తర్వాత కలకత్తా నుంచి బెల్వడీర్ వచ్చింది. అలా మొదలైన రాకడ 1911 వరకూ సాగింది. ఆ యాభై ఏళ్ళలో ఒప్పంద కూలీలుగా నాటల్ వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. వీరిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్ళే. వాళ్ళలో తమిళులు ఎక్కువ, తర్వాత తెలుగువాళ్ళు. తెలుగువాళ్ళు ముఖ్యంగా ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం జిల్లాలవాళ్ళు. ఉత్తర ఆర్కాటు అనగానే వేలూరు వైపని అనుకుంటాం. కానీ అప్పట్లో చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు అన్నీ ఆ జిల్లాలోవే. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయ్యేదాకా జిల్లా కచేరీ కూడా చిత్తూరులోనే ఉండేది. ఉత్తరాంధ్రవాళ్ళకు మద్రాసు చాలా దూరం. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు దారి పూర్తయ్యాక ఆ దూరం కూడా తగ్గింది.

తోటల దొరలకు కావలసింది మగ కూలీలు. ఆడవాళ్ళు వస్తే పిల్లలు పుడతారు, జబ్బులు చేస్తాయి, వాటికి ఖర్చవుతుందని వాళ్ళ లెక్క. భారత ప్రభుత్వం మాత్రం ఆడవాళ్ళు లేకుండా ఓడ కదలడానికి వీల్లేదంది. ఇందులో దయ పాలు తక్కువే. మారిషస్‌లో, వెస్టిండీస్‌లో మగవాళ్ళనే కుక్కిన కూలీ లైన్లలో ఏం జరిగిందో అధికారులు అప్పటికే చూసి ఉన్నారు. నాటల్ విషయంలో చివరికి స్థిరపడిన నియమం, నూరుమంది మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళు. ఆ సంఖ్య నిండకపోతే ఓడ ఆలస్యమయ్యేది. అందుకే మేస్త్రీలు సంతల్లో, సత్రాల దగ్గర, గుళ్ళ మెట్ల మీద ఒంటరి ఆడవాళ్ళ కోసం వెతికేవారు.

దొరికినవాళ్ళు ఎవరు? భర్తతో బయలుదేరిన ఇల్లాళ్ళు ఉన్నారు. మొగుడు పోయి, అత్తింట తిండి దండగ అనిపించుకున్నవాళ్ళు ఉన్నారు. మొగుడు వదిలేసినవాళ్ళూ, తామే మొగుణ్ణి వదిలి వచ్చినవాళ్ళూ ఉన్నారు. 1876లో మొదలై మద్రాసు రాజధానిని ఎండగట్టిన ధాత కరువులో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆనాటి అధికారుల నివేదికల్లో ఈ ఒంటరి ఆడవాళ్ళందరికీ కలిపి తగిలించిన ముద్ర ఒక్కటే, నడత మంచిది కాదని. ఇంట్లో అన్నం, ఊళ్ళో అండ రెండూ లేని మనిషి కూలికి వెళ్ళడంలో నడత ప్రసక్తి ఏముందని అడిగినవాళ్ళు లేరు.

ఓడ పట్టీలో ప్రతి మనిషికీ ఒక వరస ఉండేది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటి మీద ఆనవాళ్ళు. ఊళ్ళో మనిషిని గుర్తించడానికి ఇంటిపేరు చాలు. నాటల్‌లో నంబరు కావాలి. పెళ్ళి నమోదుకైనా, బిడ్డ పుట్టుక రాయించడానికైనా, దొర మీద ఫిర్యాదు చేయడానికైనా మొదట అడిగేది అదే.

ఐదు షిల్లింగుల బతుకు

ఒప్పందం ఐదేళ్ళు. మగవాడికి మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు. ఆడమనిషికి అందులో సగం, అంటే ఐదు షిల్లింగులతో మొదలు. బియ్యం, పప్పు, ఉప్పుచేప, నూనె తోట నుంచే ఇవ్వాలి. అందులోనూ ఆడవాళ్ళ వంతు తక్కువే. పనికి రాని రోజున బత్తెం కోసే దొరలకు కొదవ లేదు. నెలలు నిండిన మనిషైనా, బాలింతైనా పనిలోకి రాకపోతే కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు దృష్టిలో బద్ధకమే. కలుపు తీయడం, చెరకు ముక్కలు నాటడం, ఎరువు మోయడం వాళ్ళ పనులు. తర్వాత స్టాంగర్ దగ్గర కియర్స్‌నీలో హ్యూలెట్ తేయాకు తోటలు వేశాక ఆకు కోత కూడా ఎక్కువగా ఆడవాళ్ళ చేతికీ పిల్లల చేతికీ వచ్చింది.

తోట విడిచి అడుగు బయట పెట్టాలంటే చీటీ కావాలి. చీటీ ఇవ్వాల్సింది దొర. దొర మీదే ఫిర్యాదు చేయాలన్నా ఆ చీటీ దొర చేతిలోనే ఉంటుంది. అది లేకుండా చంకలో బిడ్డతో డర్బన్ దాకా నడిచి వెళ్ళిన ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో చాలామందిని చట్టం మీరారని పట్టుకుని, ఏ తోట నుంచి పారిపోయారో ఆ తోటకే పంపేశారు. అయినా వాళ్ళు వెళ్తూనే ఉన్నారు. చదువు రాని ఈ తల్లులు ఉత్తరాలు రాసిపెట్టలేదు, డైరీలు లేవు. వాళ్ళ గొంతు ఈనాడు మనకు వినిపించేది దుబాసీ నోట ఇంగ్లీషులోకి మారి కాగితం ఎక్కిన ఆ ఫిర్యాదుల్లోనే. ఆష్విన్ దేశాయ్, గూలమ్ వహీద్ రాసిన ‘ఇన్‌సైడ్ ఇండెంచర్’ అనే పెద్ద పుస్తకానికి ప్రాణం అలాంటి కాగితాలే.

ఫిర్యాదు వినడానికంటూ ఒక అధికారి ఏర్పడటం కూడా కూలీల పుణ్యమే. 1871లో రెడ్ రైడింగ్ హుడ్ అనే ఓడలో మద్రాసుకు తిరిగివచ్చిన మొదటి విడత కూలీలు అక్కడి కొరడా దెబ్బల గురించీ, ఎగ్గొట్టిన కూలి గురించీ గట్టిగా చెప్పారు. భారత ప్రభుత్వం కూలీల ఎగుమతికి ఒప్పుకోలేదు. నాటల్ 1872లో విచారణ సంఘం వేసి, వలస కూలీల సంరక్షకుడనే ఉద్యోగాన్ని సృష్టించాకే 1874లో ఓడలు మళ్ళీ కదిలాయి.

లైన్లలో కాపురం

తోటల్లోని కూలీ లైన్లలో గదులు ఇరుకు, మధ్య గోడలు పలచన. పక్క గదిలో ఏ కులం, ఏ భాష వాళ్ళుంటారో మన చేతిలో లేదు. కుళాయి ఒకటి, పొయ్యిలు దగ్గర దగ్గర. ఊళ్ళో పంక్తిలో కలవనివాళ్ళు ఇక్కడ ఒకరి నిప్పు ఒకరు తెచ్చుకున్నారు. డిపోలో, ఓడలో, లైన్లలో కలిసిన జంటల్లో కులం కలవనివి, భాష కలవనివి చాలా ఉన్నాయి. తెలుగు ఆడమనిషి తమిళ మగవాడితో కాపురం పెడితే ఇంట్లో తమిళమే నిలిచేది. నాటల్‌లో తెలుగు తగ్గిపోవడానికి ఇదొక కారణం.

ఆడవాళ్ళు తక్కువగా ఉండటం రెండు వైపులా పదునున్న కత్తి. కొట్టే మొగుణ్ణి వదిలి ఇంకొకరితో మారుమనువుకు వెళ్ళడం చాలా కులాల్లో ఊళ్ళోనే ఉన్న పద్ధతి. ఇక్కడ ఆ దారి ఇంకా తెరుచుకుంది. విధవకు మళ్ళీ కాపురం దొరకడం కష్టం కాలేదు. కానీ అదే కొరత వల్ల అనుమానాలు, దాడులు, హత్యలు కూడా జరిగాయి. సర్దార్ల బలవంతాలు వేరు. కూలీల స్థితిగతుల విచారణకు 1885లో నియమితమైన రాగ్ కమిషన్ ముందు కూలీల పెళ్ళిళ్ళ గొడవలు పెద్ద అంశమయ్యాయి. ప్రభుత్వం చూపిన మందు నమోదు. తాళి కట్టినా, పెద్దలు కూర్చుని ఒప్పించినా సరిపోదు, సంరక్షకుడి పుస్తకంలో ఎక్కితేనే పెళ్ళి. ఈ ఒక్క నియమం ముందుముందు ఎంత దూరం పోతుందో అప్పుడు ఎవరూ ఊహించలేదు.

దేవతను ఎలా తెచ్చుకున్నారు?

డర్బన్‌కు దక్షిణాన ఇసిపింగోలో ఒక మారియమ్మ గుడి ఉంది. 1870లో వెలిసిందని చెబుతారు. అక్కడ పెద్ద జాతర ఎప్పుడు జరుగుతుందో తెలుసా? ఈస్టర్‌కి. అమ్మవారికీ క్రీస్తు పునరుత్థానానికీ సంబంధం లేదు. గుడ్ ఫ్రైడే నాడు తోటకు సెలవు, అంతే. దొర పంచాంగంలో దొరికిన ఖాళీలో కూలీలు తమ దేవతను కూర్చోబెట్టారు. ఇప్పటికీ అక్కడికి ఈస్టర్ రోజుల్లో వేలమంది వస్తారు.

అంబలి మొక్కు కూడా ఇలాంటిదే. మన చిత్తూరు వైపు గంగమ్మకు రాగి అంబలి పోస్తారు. నాటల్‌లో రాగులు లేవు, బియ్యానికి బదులు తరచు దక్కేది మొక్కజొన్న పిండి. దాన్నే పులియబెట్టి, అంబలి కాచి, అమ్మవారి ముందు పెట్టారు. ఈనాటికీ డర్బన్ భారతీయులు దాన్ని ఇంగ్లీషులో ‘పారిజ్ ప్రేయర్’ అంటారు. వేపాకు లేని చోట తురకవేప రెమ్మలు కట్టారు. కుండ పట్టింది, పిండి పులియబెట్టింది, ఏది దేనికి బదులు సరిపోతుందో తేల్చింది ఆడవాళ్ళే. శాస్త్రం చెప్పే పూజారి అందుబాటులో లేని చోట, అమ్మవారికి ఏది చెల్లుతుందో నిర్ణయించే అధికారం వంటింటికి వచ్చింది.

ఒప్పందం తీరాక చాలామంది కౌలుకు చిన్న చెక్క భూమి తీసుకుని కాయగూరలు పండించారు. తిరుగు ప్రయాణపు ఖర్చుకు బదులు భూమి ఇస్తామని మొదట్లో ఆశ చూపినా, అది అందినవాళ్ళు కొద్దిమందే. 1891 చట్టంతో ఆ మాట కూడా పోయింది. తెల్లవారుజామున తట్టలు నెత్తిన పెట్టుకుని డర్బన్ వీధుల్లో ఇంటింటికీ తిరిగి అమ్మినవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. బేరానికి జులూ మాటలు కావాలి, దొరసానితో ఇంగ్లీషు మాటలు కావాలి. రెండూ కలిసిన ఫనగాలో అనే సంపర్క భాష ఆ అవసరాలకు పనికొచ్చింది. ఊళ్ళో గడప దాటితే తలెత్తి మాట్లాడని మనిషి ఇక్కడ మూడు నాలుగు భాషల్లో బేరమాడింది.

పదమూడేళ్ళ పిల్ల మీద పన్ను

తోటలకు కూలీలు కావాలి, ఊళ్ళకు మాత్రం భారతీయులు వద్దు. నాటల్ తెల్లవాళ్ళ రాజకీయమంతా ఈ రెండింటి మధ్యే నడిచింది. 1895 చట్టం ప్రకారం ఆ తర్వాత వచ్చిన కూలీ ఒప్పందం తీరాక మళ్ళీ ఒప్పందంలో చేరాలి, లేదా స్వదేశం వెళ్ళాలి. ఉండిపోతానంటే ఏటా మూడు పౌండ్లు కట్టాలి. వలస ప్రభుత్వం మొదట అడిగింది 25 పౌండ్లు. భారత ప్రభుత్వం దాన్ని మూడుకు తగ్గించి ఒప్పుకుంది.

మూడు పౌండ్లంటే 60 షిల్లింగులు. నెలకు ఐదు షిల్లింగుల చొప్పున ఒక ఆడకూలీ మొదటి ఏడాది మొత్తం సంపాదన కూడా సరిగ్గా 60 షిల్లింగులే. పన్నెండు నెలల కూలి పన్నెండు నెలల ఉనికికి కట్టాలన్నమాట. 1903లో ఈ పన్నును పిల్లలకూ వర్తింపజేశారు. మగపిల్లలకు 16 ఏళ్ళు నిండితే, ఆడపిల్లలకు 13 నిండితే. భార్యాభర్తలు, ఎదిగిన ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటి మీద ఏటా 12 పౌండ్లు. కట్టలేనివాళ్ళకు జైలు, లేదంటే మళ్ళీ ఒప్పందం. ఆడవాళ్ళను జైలుకు పంపడం మీద గోల పెరిగాక 1910లో వాళ్ళకు మినహాయింపు ఇచ్చే అధికారం మెజిస్ట్రేట్లకు దక్కింది. పన్ను మాత్రం పోలేదు.

ఇంతలో 1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సెర్ల్ ఒక తీర్పు చెప్పారు. బహుభార్యత్వాన్ని ఒప్పుకునే మతాల పద్ధతిలో జరిగిన పెళ్ళికి వలస చట్టం కింద గుర్తింపు లేదన్నారు. దాని అర్థం భారతీయుల ఇళ్ళల్లో ఒక్కసారిగా తెలిసింది. హిందువులు, ముసల్మానులు, పార్సీల భార్యలు చట్టం దృష్టిలో భార్యలు కారు, పిల్లలు వారసులు కారు. తాళి, నిఖా, పెద్దల మాట అన్నీ కొట్టుకుపోయాయి.

అప్పటిదాకా సత్యాగ్రహానికి ఆడవాళ్ళను దూరంగా ఉంచిన గాంధీ ఆ తర్వాత వాళ్ళను పిలిచారు. సెప్టెంబరులో గాంధీ ఫీనిక్స్ ఆశ్రమం నుంచి కస్తూర్బాతో పాటు మరో ముగ్గురు ఆడవాళ్ళు అనుమతి లేకుండా పొరుగున ఉన్న ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి, మూడు నెలల కఠిన శిక్షతో జైలుకెళ్ళారు. ట్రాన్స్‌వాల్ నుంచి పదకొండు మంది ఆడవాళ్ళు న్యూకాసిల్ బొగ్గుగనుల దగ్గరికి వెళ్ళి, మూడు పౌండ్ల పన్ను పోయేదాకా పని మానమని కార్మికులకు చెప్పారు. వాళ్ళలో ఆరుగురి చంకల్లో పసిపిల్లలు. గాంధీ వాళ్ళను తమిళ సోదరీమణులుగానే గుర్తుచేసుకున్నారు. జాబితాలో మూడు నాయుడు ఇంటిపేర్లు ఉన్నాయి. అంతమాత్రాన వాళ్ళను తెలుగువాళ్ళ ఖాతాలో వేసుకోవడం తొందరపాటు. దక్షిణాఫ్రికాలో తమిళం మాట్లాడే నాయుళ్ళు ఎందరో ఉన్నారు.

గనులు ఆగిపోయాయి. నవంబరు 6న చార్లెస్‌టౌన్ నుంచి ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు కదిలిన పాదయాత్రలో 2,037 మంది మగవాళ్ళు, 127 మంది ఆడవాళ్ళు, 57 మంది పిల్లలు. దారిలో ఒక పసిబిడ్డ చలికీ అలసటకీ చనిపోయింది. వాగు దాటుతుంటే తల్లి చేతుల్లోంచి జారి ఇంకో బిడ్డ నీళ్ళపాలైంది. ఆ తల్లులు నడక ఆపలేదని గాంధీ రాశారు. సమ్మె కోస్తా చెరకు తోటలకు పాకింది, కాల్పుల్లో కూలీలు చనిపోయారు. జైల్లో జబ్బుపడి విడుదలైన తమిళ బాలిక వల్లియమ్మ 1914 ఫిబ్రవరి 22న పదహారేళ్ళకే కన్నుమూసింది. అదే ఏడాది వచ్చిన భారతీయుల ఉపశమన చట్టం మూడు పౌండ్ల పన్నును రద్దు చేసి, ఏకపత్నీ వివాహాలకు గుర్తింపు ఇచ్చింది.

ఈ పోరాటాన్ని మన పాఠ్యపుస్తకాలు గాంధీ ప్రయోగశాలగా చెబుతాయి. అక్కడి ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తే దాని రూపు వేరు. వాళ్ళు అడిగింది రెండే: మా పెళ్ళి పెళ్ళేనని ఒప్పుకోండి, మా బిడ్డ పుట్టిన చోట ఉండటానికి సుంకం అడగొద్దు.

తిరిగి వెళ్ళినవాళ్ళకు ఏం దొరికింది?

స్వదేశం వెళ్ళిపోతే బాగుండేదేమో అనుకునేవాళ్ళకు జవాబు 1927 తర్వాతి కథలో ఉంది. ఆ ఏడాది కుదిరిన కేప్‌టౌన్ ఒప్పందం కింద, దక్షిణాఫ్రికా విడిచి వెళ్ళేవాళ్ళకు ఓడ ఖర్చుతో పాటు పెద్దవాళ్ళకు తలా 20 పౌండ్లు ఇస్తామన్నారు. వేలమంది మద్రాసులో దిగారు. వాళ్ళ పరిస్థితి మీద భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది 1931లో ఒక నివేదిక రాశారు. నాటల్‌లో పుట్టిన పిల్లలు ఇక్కడి ఎండకూ తిండికీ తట్టుకోలేకపోయారు, చేతి డబ్బు కరిగిపోయింది, కులాంతర కాపురాలను బంధువులు గడప దాటనివ్వలేదు. చాలామంది మళ్ళీ ఓడెక్కడానికి దారులు వెతికారు. నంబరుతో మొదలైన జీవితాలు రెండు తరాల్లో ఎక్కడివాళ్ళయ్యాయో ఆ నివేదిక చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ చెప్పదు.

అప్పుడు దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా ఉన్నది మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు. 1929 నుంచి 1932 దాకా ఆయన ఆ పదవిలో ఉన్నారు. తర్వాత మద్రాసు ప్రధాని కూడా అయ్యారు. ఆయన అక్కడున్న కాలంలోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది. తమిళంలో కలిసిపోతున్న తెలుగును పిల్లలకు నేర్పడం దాని పని. సభ వేదిక మీద మాట్లాడినవాళ్ళు మగవాళ్ళు. ఆ వేదిక ఎక్కేదాకా డెబ్బై ఏళ్ళు భాషను పొయ్యి దగ్గర, ఉయ్యాల దగ్గర కాపాడినవాళ్ళు ఎవరో చెప్పనక్కర్లేదు. 1997లో అమలుకొచ్చిన దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో అధికరణం గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల పేర్లు చెబుతూ తెలుగును కూడా చేర్చింది. మన దేశం బయట ఒక రాజ్యాంగంలో మన భాష పేరు ఉందంటే దాని వెనక చెరకు తోటల్లో సగం కూలికి పనిచేసిన ఆ తల్లులు ఉన్నారు.

ఆ ఓడ పట్టీలు ఇప్పటికీ ఉన్నాయి. డర్బన్ వెస్ట్‌విల్‌లోని గాంధీ–లుతూలీ పత్రాల కేంద్రంలో వాటిని భద్రపరిచారు. అక్కడి మనవరాళ్ళు వాటిలో ఊరి పేర్లు వెతుక్కుంటూ మన జిల్లాలకు వస్తున్నారు. మన వైపు మాత్రం వెళ్ళినవాళ్ళ జాడ రాసిపెట్టుకున్న ఇళ్ళు అరుదు. ఆడవాళ్ళ జాడైతే మరీ అరుదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా నాటల్ వెళ్ళిన మేనత్త గురించో, ఓడెక్కిన నాయనమ్మ చెల్లెలి గురించో చెప్పి ఉంటే ఆ పేరు, ఊరు, విన్న సంగతులు ఈ వారమే ఒక కాగితం మీద రాసి పెట్టండి.

(వచ్చే భాగం: మారిషస్ తెలుగువాళ్ళు, వాళ్ళ రామభజనలు)